రాయలసీమ అంగడికి కంప్యూటరు, ప్రింటరు, బిల్లింగు సాఫ్ట్‌వేరు: దశలవారీగా ఎంచుకోవడం

కంప్యూటర్లు అమ్మేచోటికి పోతే వాళ్లు అడిగే మొదటి మాట ‘ఎంతలో చూస్తున్నారు సార్?’ అని. దానికి జవాబు చెప్పే ముందు ఇంకో ప్రశ్న తేల్చుకోవాలి: ఈ వస్తువు ఆగిపోయిన రోజు నా పని ఎట్లా నడుస్తుంది? ఆదోనిలో పత్తి కొనే అంగడికి, తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్‌కు, ప్రొద్దుటూరులో బంగారు అంగడికి, అనంతపురంలో చీనీకాయల (బత్తాయి) వ్యాపారికి ఈ జవాబు ఒకటే కాదు. ‘అన్నిటికంటే మంచి ప్రింటరు ఏది’ అని అడిగేవాళ్లకు సరైన జవాబు దొరకనిది అందుకే.

కింద చెప్పేదంతా ఒకరి నుంచి నలుగురి దాకా కూర్చుని పనిచేసే ఆఫీసుకు, అంగడికి. అంతకు మించితే లెక్క వేరు.

1. మూడు రోజుల పని కాగితం మీద పెట్టండి

ఒక మామూలు రోజు, ఒక రద్దీ రోజు, ఒక నెలాఖరు రోజు తీసుకోండి. ఎన్ని బిల్లులు, ఒక్కో బిల్లులో ఎన్ని వరుసలు, ఎన్ని కాపీలు, ఏ కాపీ ఎవరి చేతికి పోతుంది, టైపు చేసేది ఎవరు, ఏ భాషలో, ఏ గంటలో ఊపిరాడదు. ఇంతే.

బండల యూనిట్‌లో రోజుకు పది పన్నెండు బిల్లులు, ఒక్కో దాంట్లో మూడు వరుసలు. కానీ లారీ డ్రైవరుకు ఒకటి, కొన్నవాళ్లకు ఒకటి, ఆఫీసుకు ఒకటి, మొత్తం మూడు కాపీలు. కిరాణా అంగడిలో నూట యాభై బిల్లులు, ఒక్కో దాంట్లో పది వరుసలు, ఒకటే కాపీ, అదీ గడప దాటగానే చెత్తబుట్టలోకి. ఈ ఇద్దరూ ఒకే ప్రింటరు కొంటే ఇద్దరిలో ఒకరు తప్పకుండా తప్పు చేసినట్టే.

రాసుకున్న పనుల్లో ‘గంటసేపు ఆగినా పర్వాలేదు’ అన్నవి ఒక పక్క, ‘ఆగితే మనిషి వెళ్లిపోతాడు’ అన్నవి ఇంకో పక్క పెట్టండి. డబ్బు రెండో పక్కకే పెట్టాలి.

2. కరెంటు ముందు, కంప్యూటరు తర్వాత

చాలామంది యూపీఎస్‌ను చివర్లో, మిగిలిన డబ్బుతో కొంటారు. వరుస తిరగేయండి.

లెక్క ఇట్లా కట్టండి. మామూలు డెస్క్‌టాప్ 70 నుంచి 100 వాట్లు, మానిటరు 20 నుంచి 25, ఫైబరు రూటరు 10 నుంచి 12. మొత్తం 120 వాట్లు అనుకుందాం. మార్కెట్లో సాధారణంగా దొరికే 600 వీఏ (వోల్ట్ ఆంపియర్, యూపీఎస్ సామర్థ్యం కొలత) యూపీఎస్ 360 వాట్ల దాకా మోస్తుంది, కాబట్టి బరువుకు సరిపోతుంది. కానీ లోపల ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ. కాగితం మీద అది 84 వాట్ అవర్లు. వేగంగా ఖాళీ చేసేటప్పుడు అందులో సగానికి కాస్త అటూ ఇటూగానే చేతికొస్తుంది. అంటే కొత్తలో 20 నిమిషాలు. రెండు వేసవులు గడిచాక పది నిమిషాలు కూడా అనుమానమే. ఈ సీల్డు బ్యాటరీలకు 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు దాదాపు సగం పడిపోతుంది. ఏసీ లేని గదిలో కర్నూలు మే నెల ఎట్లా ఉంటుందో మళ్లీ చెప్పక్కర్లేదు. బ్యాటరీ రెండేళ్లకోసారి మార్చే ఖర్చనే లెక్కలో రాసుకోండి.

అంటే చిన్న యూపీఎస్ పని నడపడానికి కాదు. చేతిలో బిల్లు ముగించి, ఫైలు మూసి, కంప్యూటరును మర్యాదగా ఆపడానికి. గంటలు నడవాలంటే ఇన్వర్టరు కావాలి. దాని వెనక ఉండే స్విచ్‌ను ‘యూపీఎస్ మోడ్’లో పెట్టాలి, లేకపోతే కరెంటు మారే క్షణంలో కంప్యూటరు రీస్టార్ట్ అవుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ మోడ్‌లో సుమారు 180 వోల్టుల కిందికి పోతే ఇన్వర్టరు బ్యాటరీకి మారిపోతుంది. లోవోల్టేజి ఉన్న పల్లెల్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, బ్యాటరీ మాత్రం పొద్దంతా కరుగుతుంటుంది. అక్కడ ముందు స్టెబిలైజరు.

యూపీఎస్‌కు లేజరు ప్రింటరు తగిలించకండి. అది కాగితాన్ని వేడిచేసే క్షణంలో వందల వాట్లు గుంజుతుంది. యూపీఎస్ కీచుమని అరిచి అన్నిటినీ ఆపేస్తుంది. లేజరుది నేరుగా గోడ ప్లగ్గు.

రూటరుకు వేరే మినీ యూపీఎస్ పెడితే కరెంటు పోయినా నెట్ రెండు మూడు గంటలు ఉంటుంది. కొనే ముందు రూటరు అడాప్టరు మీద చూడండి: 12 వోల్టులా, 9 వోల్టులా, ఎన్ని ఆంపియర్లు. వోల్టులు సరిగ్గా కలవాలి. ఆంపియర్లు ఎక్కువున్నా పర్వాలేదు, తక్కువ ఉండకూడదు.

ఇక ఎర్తింగు. రాతినేల, ఎండిపోయిన గుంత. వేసవిలో ఎర్త్ ఉన్నా లేనట్టే. ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజి కొలిపించండి. 3 లోపు ఉంటే మంచిది, 5 దాటితే గుంతలో ఉప్పు, బొగ్గు, నీళ్లు పోయించాల్సిందే. కంప్యూటరు పెట్టె తాకితే చిమచిమలాడుతోంటే అర్థం అదే.

3. కంప్యూటరు

ఇక్కడ ఎక్కువ ఆలోచించాల్సిన పని లేదు. బిల్లింగుకు 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే డిస్కు లేని, వేగమైన నిల్వ) ఉంటే చాలు. హార్డ్‌డిస్క్ ఉన్న ఐ5 ప్రాసెసరు మిషన్ కంటే ఎస్ఎస్‌డీ ఉన్న ఐ3 పొద్దున అంగడి తెరవగానే ముందు లేస్తుంది.

సెకండ్‌హ్యాండ్ తీసుకుంటే ఒక్కటి చూడండి. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ పైన ప్రాసెసరు, టీపీఎం 2.0 (భద్రతకు ఉండే చిప్) కావాలి. ఆరో తరం, ఏడో తరం మిషన్లు చవగ్గా అమ్ముతున్నది ఇందుకే. ‘విండోస్ 11 వేసి ఇస్తాం సార్’ అంటారు, ఏదో దొంగదారిలో వేస్తారు కూడా. తర్వాత అప్‌డేట్లు మొరాయిస్తే మాత్రం ఎవరూ రారు.

డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా? ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ లోపలే ఉంది కాబట్టి కరెంటు బాధ తీరుతుంది. కానీ చాలా ల్యాప్‌టాప్‌లు గాలిని అడుగు నుంచే పీల్చుకుంటాయి. తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండలు కోసేచోట ఆ తెల్లదుమ్ము ఫ్యాను రెక్కల మీద మెత్తి, చెమ్మ తగిలి గట్టిపడుతుంది. అక్కడ డెస్క్‌టాపే మేలు: నేలకు అడుగున్నర ఎత్తులో పెట్టి, నెలకోసారి ప్లగ్ పీకి బ్లోయరుతో ఊదించాలి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్క కదలకుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే గాలి వేగానికి అది తిరిగి బేరింగు పోతుంది.

4. ప్రింటరు: కాగితం ఎవరి చేతికి, ఎన్నేళ్లకు

నాలుగు రకాలు. ప్రతిదీ ఒకచోట రాజు, ఇంకోచోట తలనొప్పి.

థర్మల్ ప్రింటరుకు సిరా లేదు, వేగం ఎక్కువ, చిన్న స్థలం చాలు. రోలు వెడల్పు 58 మిల్లీమీటర్లు లేదా 80. జీఎస్‌టీ బిల్లులో సరుకు పేరు, హెచ్ఎస్ఎన్ (సరుకు కోడ్), రేటు, పన్ను అన్నీ రావాలంటే 58లో పేరు రెండు వరుసలు విరిగి గందరగోళం అవుతుంది, 80 తీసుకోండి. దీని లోపమంతా కాగితంలోనే ఉంది. అది వేడికి నల్లబడే కాగితం, దాని గుణమే అది. ఏప్రిల్‌లో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలిన బిల్లు సాయంత్రానికి బూడిదరంగులోకి తిరుగుతుంది. బీరువాలో పెట్టినా ఒకటి రెండేళ్లకు అక్షరాలు మాసిపోతాయి. జీఎస్‌టీ లెక్కలేమో వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి. కాబట్టి మీరిచ్చే బిల్లులకు థర్మల్ పర్వాలేదు, అసలు కాపీ సాఫ్ట్‌వేరులో ఉంటుంది. మీరు తీసుకున్న థర్మల్ బిల్లులకు మాత్రం అదే రోజు ఫొటో తీయాలి లేదా జిరాక్స్ చేయించాలి.

డాట్ మ్యాట్రిక్స్ గోల చేస్తుంది, అందం లేదు. కానీ ఒకే దెబ్బకు మూడు కాపీలు ఇచ్చేది ఇదొక్కటే. లారీ ఆఫీసులు, బండల యార్డులు దీన్ని వదలకపోవడంలో పాతకాలపు మొండితనమేమీ లేదు. కార్బన్ కాపీలకే అయితే 9 పిన్నుల మోడల్ చాలు, దుమ్ముకూ ఓర్చుకుంటుంది. తెలుగు బిల్లు కావాలంటే మాత్రం నెమ్మది: తెలుగు అక్షరాలను బొమ్మలాగా కొడుతుంది, ఒక పేజీకి ఇంగ్లీషు కంటే చాలాసేపు పడుతుంది. థర్మల్‌లోనూ ఇదే చిక్కు. చవక మోడళ్లకు తెలుగు అక్షరాలు తెలియవు; సాఫ్ట్‌వేరు బిల్లును బొమ్మగా మార్చి పంపకపోతే ప్రశ్నార్థకాలు వస్తాయి. డబ్బు కట్టే ముందు ‘శ్రీ’, ‘క్ష’, ‘స్త్ర’ ఉన్న ఒక పేరు కొట్టించి చూడండి.

ఇంక్ ట్యాంకులో పేజీ ఖర్చు చాలా తక్కువ, రంగులు వస్తాయి. రోజూ కొట్టేవాళ్లకు ఇదే లాభం. వారానికో పేజీ కొట్టేవాళ్లకు ఇదే నష్టం. మన పొడి ఎండకు సన్నటి రంధ్రాల్లో సిరా ఎండి గీతలు పడతాయి. హెడ్ క్లీనింగ్ నొక్కితే సీసాలోని సిరా లోపలి స్పాంజి ప్యాడ్‌లోకి పోతుంది. నాలుగైదుసార్లు వరసగా నొక్కితే సిరా వృథా, ఆ ప్యాడ్ నిండితే ప్రింటరే ఆగుతుంది. పని ఉన్నా లేకున్నా శనివారం శనివారం నాలుగు రంగులూ ఉన్న ఒక పేజీ కొట్టండి. ఇంకో మాట: రంగు సిరా నీళ్లు తగిలితే చాలా మోడళ్లలో కారిపోతుంది. అగ్రిమెంట్లు, ఆఫీసులకు ఇచ్చే అర్జీలు దీంట్లో కొట్టకండి.

లేజరు నెల రోజులు ముట్టకపోయినా మొదటి పేజీ శుభ్రంగా వస్తుంది, నీళ్లకు చెదరదు. ఆడిటరు ఆఫీసు, వకీలు ఆఫీసు, స్కూలు ఆఫీసు వీటికి ఇదే. కొత్త పెట్టెలో వచ్చే టోనరు (లేజరు వాడే పొడి సిరా) చాలాసార్లు సగం నిండినదే అని ముందే తెలుసుకోండి. పేజీ ఖర్చు లెక్క కట్టేది టోనరు ధరను పేజీల సంఖ్యతో భాగించే. అయితే పెట్టె మీద రాసిన పేజీల సంఖ్య పేజీలో 5 శాతం నలుపు ఉంటే వచ్చేది. గళ్లు, గీతలు, లోగోలు ఉన్న బిల్లుకు అందులో సగమే లెక్కేసుకోండి.

5. సాఫ్ట్‌వేరు: మీ మూడు బిల్లులు తీసుకుపోండి

అమ్మేవాళ్లు చూపించే డెమో ఎప్పుడూ అందంగానే ఉంటుంది, ఎందుకంటే అందులో ఉండేది వాళ్ల సరుకు. మీ నిజమైన బిల్లులు మూడు తీసుకుపోయి మీ ఎదుటే కొట్టమనండి. అందులో ఒకటి మీకే చిరాకు తెప్పించే బిల్లు అయి ఉండాలి.

పత్తి వ్యాపారి అయితే రైతు దగ్గర కొన్న ముడిపత్తి బిల్లు. దాని పన్ను రైతు కట్టడు, రిజిస్ట్రేషన్ ఉన్న కొనుగోలుదారే రివర్స్ చార్జ్ కింద కట్టాలి. ఆ ఎంట్రీ ఎక్కడ పడుతుందో చూపించమనండి. బంగారమైతే గ్రాముకు మూడు దశాంశాలు, తరుగు, మజూరి, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ (నగ మీద వేసే హాల్‌మార్క్ గుర్తింపు కోడ్). బండలైతే చదరపు అడుగుల్లో అమ్మకం, లోడుల్లో లెక్క, 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసేది). మందుల అంగడైతే బ్యాచ్ నంబరు, గడువు తేదీ. ‘తర్వాత కస్టమైజ్ చేస్తాం’ అన్నారంటే ఆ పని ఇప్పుడు రాదనే అర్థం.

చట్టం కూడా సగం నిర్ణయిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు మామూలుగా ఏడాది అమ్మకం 40 లక్షలు, సేవలకు 20 లక్షలు దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్. సరుకు అమ్మేవాళ్లు 1.5 కోట్ల లోపు కాంపోజిషన్‌లో (అమ్మకం మీద తక్కువ రేటుకు పన్ను కట్టే పద్ధతి) ఉంటే పన్ను విడిగా వసూలు చేయకూడదు, ఇవ్వాల్సింది ‘బిల్ ఆఫ్ సప్లై’. చవక యాప్‌లలో ఆ పేరు మార్చే వీలుందో లేదో చూడండి. 5 కోట్లు దాటితే వ్యాపారులకు వేసే బిల్లులకు ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు), దాని క్యూఆర్ కోడ్ బిల్లు మీదే రావాలి. ఆ గీతకు దగ్గర్లో ఉన్నవాళ్లు ఎక్సెల్‌తో నెట్టుకురావడం ఆపాలి.

ఇప్పుడు మార్గాలు. ఎక్సెల్ ఖర్చు తక్కువ, అందరికీ తెలుసు, ఏ రూపమైనా ఇవ్వొచ్చు. చెడేదీ అక్కడే. చీనీకాయల హెచ్ఎస్ఎన్ 0805 అని కొడితే ముందున్న సున్నా మింగేసి 805 చేస్తుంది. బిల్లు నంబరు 4-25 అని కొడితే ఏదో తేదీ చేసి పెడుతుంది. 12 అంకెల ఈ-వే బిల్లు నంబరును కుదించి ఏదో దశాంశం, ప్లస్ గుర్తు చూపిస్తుంది. 16 అంకెల ఖాతా నంబరు కొడితే చివరి అంకెను సున్నా చేస్తుంది, ఎందుకంటే అది 15 అంకెలే గుర్తుపెట్టుకుంటుంది. ఇది అన్నిటికంటే ప్రమాదం: చూడ్డానికి నంబరు బాగానే ఉంటుంది. మందు ఒక్కటే. టైపు చేయకముందే ఆ కాలమ్‌ను ‘టెక్స్ట్’గా మార్చాలి. కొట్టాక మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు.

గూగుల్ షీట్స్‌లో ముగ్గురు మూడు చోట్ల నుంచి ఒకే పట్టీ నింపొచ్చు. నెట్ లేనప్పుడు పనిచేయాలంటే ముందే, నెట్ ఉన్నప్పుడే క్రోమ్‌లో ఆఫ్‌లైన్ ఆన్ చేసి ఉండాలి. లిబ్రేఆఫీస్ ఉచితం, ఉత్తరాలకు, పట్టికలకు బ్రహ్మాండం. జీఎస్‌టీ పోర్టల్ ఇచ్చే మ్యాక్రోల (లోపల ఆదేశాలు రాసి ఉన్న) ఎక్సెల్ ఫైళ్లు మాత్రం దాంట్లో నడవవు.

వ్యాపార్ లాంటి మొబైల్ బిల్లింగు యాప్‌లు ఒక్క మనిషి అంగడికి సుఖం. నేర్చుకోవడానికి ఒక పూట చాలు. ఇవి చందా మీద నడుస్తాయి కాబట్టి అడగాల్సింది ఒకటే: చందా కట్టడం ఆపేస్తే పాత బిల్లులు కనీసం కనబడతాయా, పార్టీలవారీ బాకీలు ఎక్సెల్‌లో బయటికి వస్తాయా? మాటలతో నమ్మకండి. ఉచిత ట్రయల్‌లోనే పది బిల్లులు కొట్టి, ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలు తెరిచి చూడండి. కొన్ని పీడీఎఫ్ మాత్రమే ఇస్తాయి; అది బొమ్మ, లెక్క కాదు.

లెక్కల సాఫ్ట్‌వేరు ట్యాలీ అయితే డేటా మీ కంప్యూటరులోనే ఉంటుంది, లైసెన్సు శాశ్వతంగా కొనుక్కోవచ్చు, అప్‌డేట్లకు విడిగా రెన్యూవల్. మన జిల్లాల్లో దీనికున్న అసలు బలం సాఫ్ట్‌వేరులో కాదు, మనుషుల్లో ఉంది. ఆడిటరుకు తెలుసు, గుమాస్తా మానేస్తే వారంలో ఇంకొకరు దొరుకుతారు. బాగా తక్కువమంది వాడే మంచి సాఫ్ట్‌వేరు కొంటే, తెలిసిన ఒక్క మనిషి వెళ్లిపోయిన రోజు అది మూగదైపోతుంది. జోహో బుక్స్ లాంటి క్లౌడ్ (డేటా నెట్‌లోనే ఉండే) లెక్కలు రెండు ఊళ్లలో అంగళ్లు ఉన్నవాళ్లకు నప్పుతాయి. నెట్ ఆగితే ఏం చేస్తారో మాత్రం ముందే తేల్చుకోవాలి.

ఏది తీసుకున్నా పన్ను రేటును సరుకు సరుకుకూ విడిగా కొట్టకండి, గుంపుకు పెట్టండి. 2025 సెప్టెంబరు 22న 12, 28 శాతం శ్లాబులు చాలా సరుకులకు పోయి 5, 18కి మారినప్పుడు, గుంపుకు పెట్టినవాళ్ల పని నాలుగైదు చోట్ల మార్పుతో తీరింది. ఎనిమిది వందల సరుకులకు ఎనిమిది వందల చోట్ల కొట్టినవాళ్లకు తెల్లవార్లూ పనే.

6. తెలుగు ఎక్కడ యూనికోడ్, ఎక్కడ అను

డీటీపీ సెంటర్లలో ఇంకా అను ఫాంట్లే ఎక్కువ. కరపత్రానికి, పెళ్లిపత్రికకు అవి సరే. లెక్కల్లోకి మాత్రం రానీయకండి. అనులో కొట్టిన అక్షరం కంప్యూటరుకు తెలుగు కాదు, తెలుగు ముసుగేసుకున్న ఇంగ్లీషు గుర్తు. వాట్సాప్‌లో అతికిస్తే చెత్త గుర్తులు, వెతికితే దొరకదు, అక్షరక్రమంలో పేర్చమంటే ‘అ’ తర్వాత ‘మ’ వస్తుంది.

ఆఫీసులో అసలు ప్రతి ఎప్పుడూ యూనికోడ్‌లో (ఏ ఫోనైనా, కంప్యూటరైనా తెలుగుగానే చదివే పద్ధతి) ఉంచుకోండి. ప్రెస్సుకు అదే ఇవ్వండి. వాళ్లు కన్వర్టరుతో మార్చుకుంటే ప్రూఫులో వొత్తులు, ‘క్ష’, రావొత్తు ఒక్కొక్కటి వేలు పెట్టి చూడండి. కన్వర్టర్లు తడబడేది అక్కడే. ‘అందంగా లేదు’ అన్న పాత ఫిర్యాదుకు ఇప్పుడు చోటు లేదు: మండలి, రామభద్ర, శ్రీకృష్ణదేవరాయ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి.

పేర్ల విషయంలో ఇంకో గొయ్యి ఉంది. మద్దిలేటి, మద్దిలేటయ్య, ఎం.మద్దిలేటి అని ఒకే మనిషికి ముగ్గురు గుమాస్తాలు మూడు ఖాతాలు తెరుస్తారు. బాకీ ఒకదాంట్లో, జమ ఇంకోదాంట్లో. ఖాతా పేరు ముందే ఫోన్ నంబరు, తర్వాత పేరు, ఊరు అని నియమం పెట్టండి. నంబరు కొడితే పాత ఖాతా ముందే కనబడుతుంది.

తెలుగు ఎస్ఎంఎస్ పంపేవాళ్లకు: ఇంగ్లీషులో ఒక మెసేజికి 160 అక్షరాలు, తెలుగులో 70. గుణింతాలు, వొత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి చిన్న వాక్యమే రెండు మెసేజిల ఖర్చు అవుతుంది.

7. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది?

ఒక కాగితం తీసుకుని రాయండి: జీఎస్‌టీ పోర్టల్, బ్యాంకు, ఈమెయిలు, బిల్లింగు యాప్, సాఫ్ట్‌వేరు లైసెన్సు. ఒక్కోదానికి ఎదురుగా ఏ నంబరు, ఏ ఈమెయిలు. చాలా అంగళ్లలో సగం నంబర్లు ఆడిటరు ఆఫీసువి, పావు వంతు ఎప్పుడో మానేసిన కుర్రాడివి. అంగడి పేరు మీద ఒక ఈమెయిలు, యజమాని పేరు మీద ఒక సిమ్ తీసుకుని అన్నీ వాటికి మార్చండి. గుమాస్తాకు తన సొంత లాగిన్ ఇవ్వండి, మీది ఇవ్వకండి. మనిషి మానేసిన రోజు ఆ లాగిన్ ఆపితే చాలు.

8. బ్యాకప్

ఫోల్డరును గూగుల్ డ్రైవ్‌తో కలిపి వదిలేస్తే బ్యాకప్ అయినట్టు కాదు. ఇక్కడ ఫైలు పాడైతే అక్కడా అదే పాడైన ఫైలు చేరుతుంది. లెక్కల సాఫ్ట్‌వేరు తెరిచి ఉండగా దాని డేటా ఫోల్డరు సింక్ అవుతుంటే ఫైళ్లు చెడే ప్రమాదమూ ఉంది. సాఫ్ట్‌వేరులోని బ్యాకప్ బటన్‌తో రోజూ సాయంత్రం తేదీ పేరుతో ఒక ఫైలు తీసి, ఆ ఫైలును డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఉచితంగా 15 జీబీ ఉంటుంది, కానీ అందులోనే మెయిళ్లు, ఫొటోలు కూడా. వారానికోసారి ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఇంట్లో పెట్టండి, కంప్యూటరు పక్కన కాదు. నెలకోసారి ఆ ఫైలును ఇంకో కంప్యూటరులో తెరిచి అది తీసిన రోజు చివరి బిల్లు కనబడుతోందో లేదో చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకండి.

వాట్సాప్‌ను బీరువాలాగా వాడేవాళ్లు బిల్లును ఫొటోగా కాక ‘డాక్యుమెంట్’గా పంపాలి. ఫొటోగా పోతే కుదించుకుపోయి చిన్న అంకెలు అలుక్కుపోతాయి.

9. మార్చే నెల

ఏప్రిల్ 1 అన్నిటికంటే మంచి ముహూర్తం, కుదరకపోతే ఏదైనా నెల 1వ తేదీ. ముందురోజు రాత్రి సరుకు లెక్కించి, పార్టీల బాకీలు ఎక్కించండి. పదిహేను రోజులు పాత పద్ధతి, కొత్తది రెండూ నడపండి, రోజూ సాయంత్రం మొత్తాలు కలపండి. బిల్లు నంబరు మాత్రం రెండిట్లోనూ ఒకే వరుసలో పోవాలి: 16 అక్షరాలు మించకుండా, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకుండా.

పదో రోజు సాయంత్రం, రద్దీ తక్కువ ఉన్నప్పుడు, చెప్పకుండా మెయిన్ స్విచ్ దించండి. గడియారం చూస్తూ మూడు బిల్లులు కొట్టించండి. తర్వాత నెట్ తీసేసి ఇంకో మూడు. ఎక్కడ చెయ్యి ఆగిందో అక్కడే మీరు ఎంచుకున్నదాంట్లో తప్పుంది. వాపసు, మార్పిడి అడిగే గడువు ఆపాటికి ఇంకా మిగిలి ఉంటుందో లేదో కొనేటప్పుడే చూసుకోండి. అన్నీ ఆగిన రోజుకు నంబర్లు అచ్చేసిన ఒక చేతి బిల్లుపుస్తకం గల్లాపెట్టెలో ఉంచండి. దాని నంబర్లకు ముందు ‘H/’ అని వేరే గుర్తు వేయించండి.  కరెంటు వచ్చాక అదే రోజు, అదే నంబరుతో కంప్యూటరులోకి ఎక్కించాలి.